కోచ్‌ను మార్చితే జట్టు మారుతుందా?

ఆదివారం రాత్రి. ఇంట్లో అందరూ భోజనాలు ముగించారు. తొమ్మిదో తరగతి చదివే అబ్బాయి టీవీ ముందు నుంచి కదలడం లేదు. ఇంగ్లండ్‌లో జరుగుతున్న ఫుట్‌బాల్ మ్యాచ్‌లో అతని అభిమాన జట్టు మళ్లీ ఓడిపోయింది. రిమోట్ సోఫా మీద విసిరేసి, “ఆటగాళ్లు బాగానే ఉన్నారు నాన్నా, కోచ్‌కే ఆట రాదు. ముందు అతన్ని తీసేయాలి” అన్నాడు.

మనం నవ్వి, “సరేలే, రేపు స్లిప్ టెస్ట్ ఉంది, పడుకో” అంటాం.

అయితే వారం తిరగకముందే అదే ఇంట్లో మరో మాట వినిపించవచ్చు. “లెక్కల్లో గత నెల 78 వచ్చాయి, ఈ నెల 61. ఆ సార్ చెప్పేది సరిగ్గా లేనట్టుంది. వేరే చోట కోచింగ్‌కు పంపిద్దామా?” ఈసారి అన్నది అబ్బాయి కాదు, మనమే.

ఫుట్‌బాల్‌కైనా, ఐఐటీకైనా, నీట్‌కైనా మనం వాడేది ‘కోచింగ్’ అనే ఒకే మాట. ఫలితం బాగోలేనప్పుడు మనసుకు ముందుగా తట్టే ఆలోచన కూడా ఒకటే: నేర్పేవాణ్ని మార్చాలి. ఆ ఆలోచన ఎప్పుడు సరైనది, ఎప్పుడు తొందరపాటు? ఫుట్‌బాల్ చరిత్రలో దీనికి మంచి పాఠాలున్నాయి. ఈ వ్యాసాన్ని పిల్లలతో కలిసి చదవమని మనవి. వారికి ఆట తెలుసు, మీకు జీవితం తెలుసు. రెండూ కలిస్తేనే ఈ పాఠం పూర్తవుతుంది.

మూడేళ్లు ఓపిక పట్టిన అభిమాని

1989 డిసెంబర్. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ నగరం. ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానంలో మాంచెస్టర్ యునైటెడ్ జట్టు, తనకంటే చిన్న జట్టైన క్రిస్టల్ ప్యాలెస్ చేతిలో 2-1 తేడాతో ఓడిపోయింది. ప్రేక్షకుల్లో ఒక అభిమాని ఇంటి నుంచి దుప్పటి గుడ్డ మీద రాసి తెచ్చిన బ్యానర్ ఎత్తాడు. మూడేళ్లుగా సాకులే వింటున్నాం, ఆట మాత్రం బాగుపడలేదు, ఇక వెళ్లిరా ఫెర్గీ అన్నది దాని సారాంశం.

ఆ ఫెర్గీ అంటే అలెక్స్ ఫెర్గూసన్. ఇంగ్లండ్‌లో జట్టు కోచ్‌ను ‘మేనేజర్’ అంటారు. ఫెర్గూసన్ 1986 నవంబర్‌లో ఆ బాధ్యత తీసుకున్నాడు.

ఆ అభిమానిని తప్పుపట్టడానికి లేదు. అతని చేతిలో లెక్కలున్నాయి. ఫెర్గూసన్ వచ్చిన మొదటి సీజన్‌లో యునైటెడ్ 11వ స్థానంలో నిలిచింది. రెండో సీజన్‌లో 2వ స్థానానికి ఎగబాకి ఆశ పుట్టించింది. మూడో సీజన్‌లో మళ్లీ 11వ స్థానానికే జారింది. నాలుగో సీజన్ మొదలవగానే, 1989 సెప్టెంబర్‌లో, అదే ఊరి ప్రత్యర్థి మాంచెస్టర్ సిటీ చేతిలో 5-1 తేడాతో ఓటమి. ఆ వేసవిలోనే క్లబ్ భారీగా డబ్బు పెట్టి కొత్త ఆటగాళ్లను కొన్నది. అయినా ఆ చలికాలంలో వారాల తరబడి లీగ్‌లో గెలుపన్నదే లేదు. 1967 తర్వాత ఆ జట్టు లీగ్ విజేత కానే లేదు. తండ్రి గెలుపు చూశాడు, కొడుకు చూడలేదు. అలాంటి ఇంట్లో కోపం రాకపోతేనే ఆశ్చర్యం.

క్లబ్ యాజమాన్యం మాత్రం ఫెర్గూసన్‌ను తీసేయలేదు. ఆ సీజన్‌ను జట్టు లీగ్‌లో 13వ స్థానంతోనే ముగించింది. కానీ 1990 మే నెలలో ఎఫ్.ఎ. కప్ గెలిచింది. ఫైనల్లో ప్రత్యర్థి ఎవరో తెలుసా? అదే క్రిస్టల్ ప్యాలెస్. తొలి మ్యాచ్ 3-3తో సమం కావడంతో మళ్లీ ఆడించారు. అందులో యునైటెడ్ 1-0తో గెలిచింది. 1991లో బార్సిలోనాను ఓడించి యూరప్ కప్పుల్లో ఒకటైన కప్ విన్నర్స్ కప్ అందుకుంది. 1993లో, 26 ఏళ్ల తర్వాత, లీగ్ విజేత అయింది. 2013లో ఫెర్గూసన్ విరమించే నాటికి అతని చేతిలో 13 లీగ్ టైటిళ్లు ఉన్నాయి.

“చూశారా, ఓపిక పడితే అన్నీ వస్తాయి” అని ఇక్కడ ఆపేస్తే అది నీతికథ అవుతుంది. మనకు కావలసింది అంతకంటే కొంచెం లోతైనది. బ్యానర్ ఎత్తిన అభిమాని ఎక్కడ సరిగ్గా చూశాడు, ఏది అతనికి కనబడలేదు? అది తెలుసుకుందాం.

కనబడినవి, కనబడనివి

అభిమానికి కనబడినవి స్కోరు, పట్టికలో స్థానం. ఈ రెండూ నిజాలే. కనబడనివి వేరే ఉన్నాయి.

ఒకటి, కొత్తగా వచ్చిన ఆటగాళ్లు. 1989లో కొన్న గ్యారీ పాలిస్టర్, పాల్ ఇన్స్ మొదట్లో తడబడ్డారు. ఇంత డబ్బు పోసి వీళ్లనా కొన్నది అని జనం గొణిగారు. 1993లో లీగ్ గెలిచిన జట్టుకు ఆ ఇద్దరూ మూలస్తంభాలు. అదే వేసవిలో వచ్చిన నీల్ వెబ్ కొద్ది వారాలకే పెద్ద గాయంతో నెలల తరబడి ఆటకు దూరమయ్యాడు. గాయానికి కోచ్‌ను ఎలా తప్పుపడతాం?

రెండు, కింది తరగతులు. ఫెర్గూసన్ వచ్చీ రాగానే ఊళ్లలో, పాఠశాలల్లో పిల్లలను వెతికే ఏర్పాటును కొత్తగా కట్టాడు. 1987లో, 14 ఏళ్లు నిండుతున్న ర్యాన్ గిగ్స్‌ను క్లబ్ చేర్చుకుంది. 1992లో యునైటెడ్ కుర్రాళ్ల జట్టు దేశంలోని యువ జట్ల కప్పు గెలిచింది. ఆ జట్టులో గిగ్స్‌తో పాటు డేవిడ్ బెకమ్, గ్యారీ నెవిల్, నిక్కీ బట్ ఉన్నారు. ఫుట్‌బాల్ చూసే మీ పిల్లలను అడగండి, ఈ పేర్లు చెప్పగానే కళ్లు పెద్దవి చేస్తారు. 1989 డిసెంబర్‌లో మైదానంలో కూర్చున్నవారికి ఈ పని ఏ స్కోరుబోర్డు మీదా కనబడలేదు.

మూడు, పాత చరిత్ర. ఫెర్గూసన్ ఇంతకుముందు స్కాట్లాండ్‌లోని అబర్డీన్ అనే చిన్న క్లబ్‌కు కోచ్‌గా ఉండి, 1983లో రియల్ మాడ్రిడ్‌ను ఓడించి యూరప్ కప్పు గెలిపించాడు. అంటే నేర్పడం తెలియని మనిషి కాదు.

ఇక్కడ మన పాఠంలోని మొదటి మాట రాసుకుందాం. ఫలితం జ్వరం లాంటిది. జ్వరం వచ్చిందంటే ఒంట్లో ఏదో తేడా ఉందన్నది నిజం. కానీ అది మలేరియానా, జలుబా, ఎండదెబ్బా అని థర్మామీటర్ చెప్పదు. స్కోరు కూడా అంతే. తేడా ఉందని చెబుతుంది, తేడా ఎక్కడో చెప్పదు.

ఒక్క మ్యాచ్ ఎంత చెబుతుంది?

క్రికెట్‌లో ఒక జట్టు 180 పరుగులు చేస్తుంది, మరొకటి 160. ఫుట్‌బాల్‌లో అలా కాదు. 90 నిమిషాలు ఆడితే పడే గోల్స్ రెండో, మూడో. ఒక బంతి గోల్ స్తంభానికి తగిలి లోపలికి పోవడం, బయటికి పోవడం మధ్య తేడా అంగుళమే. ఆ అంగుళం మీద గెలుపోటములు, వాటి మీద పత్రికల శీర్షికలు, వాటి మీద కోచ్ ఉద్యోగం ఆధారపడి ఉంటాయి. స్కోర్లు తక్కువగా ఉండే ఆటలో అదృష్టానికి చోటు ఎక్కువ. కాబట్టి ఒక్క మ్యాచ్‌తో కోచ్‌ను తూచడం, ఒక్క ప్రశ్నతో విద్యార్థిని తూచడం లాంటిది.

ఒక విచిత్రమైన ఉదాహరణ చూడండి. 1989 సెప్టెంబర్‌లో క్రిస్టల్ ప్యాలెస్ జట్టు లివర్‌పూల్ చేతిలో 9-0తో చిత్తుగా ఓడింది. మన దగ్గర అయితే అభిమానులు వారం రోజులు బయట మొహం చూపించలేరు. అదే సీజన్, అదే కోచ్ స్టీవ్ కాపెల్. ఏడు నెలల తర్వాత 1990 ఏప్రిల్‌లో ఎఫ్.ఎ. కప్ సెమీఫైనల్లో అదే లివర్‌పూల్‌ను ప్యాలెస్ 4-3తో ఓడించింది. 9-0 అబద్ధం కాదు, 4-3 కూడా అబద్ధం కాదు. రెండింటిలో ఏ ఒక్కటీ ఆ జట్టు గురించిన మొత్తం నిజం కాదు.

పిల్లల మార్కులకూ ఇదే వర్తిస్తుంది. 25 మార్కుల స్లిప్ టెస్టులో ఒక్క నాలుగు మార్కుల లెక్క తప్పితే శాతం గభాలున 16 పడిపోతుంది. అదే 100 మార్కుల పేపర్లో ఆ తప్పుకు పోయేది 4 శాతమే. పరీక్ష ఎంత చిన్నదో, దాని మీద పెట్టే నమ్మకం కూడా అంత చిన్నగా ఉండాలి.

‘మార్చాం, గెలిచాం’ – నిజమేనా?

“అలాగైతే కోచ్‌ను మార్చగానే చాలా జట్లు గెలుస్తున్నాయి కదా?” అని మీ అమ్మాయి అడగవచ్చు. మంచి ప్రశ్న. జవాబు తెలుసుకోవడానికి ఇంట్లో ఉన్న వైకుంఠపాళి పెట్టె తీయండి.

ఇంట్లోవాళ్లంతా కూర్చుని ఒక్కొక్కరూ రెండు పాచికలు కలిపి వేయండి. రెండు పాచికల మొత్తం సగటున 7 వస్తుంది. బాగా తక్కువ పడినవారిని గట్టిగా మందలించండి. బాగా ఎక్కువ పడినవారిని చప్పట్లతో మెచ్చుకోండి. ఇప్పుడు అందరూ మళ్లీ వేయండి. తిట్లు తిన్నవారికి చాలాసార్లు మొదటికన్నా ఎక్కువ పడుతుంది. మెప్పు పొందినవారికి చాలాసార్లు తక్కువ పడుతుంది. మొదటిసారి 3 పడినవారికి రెండోసారి అంతకన్నా ఎక్కువ పడే అవకాశం 36లో 33 పాళ్లు. 11 పడినవారికి అంతకన్నా తక్కువ పడే అవకాశమూ 36లో 33 పాళ్లే.

పాచికకు తిట్లు వినబడవు, చప్పట్లూ వినబడవు. మరి ఏం జరిగింది? మామూలు స్థాయికి చాలా కిందికి పోయినది తర్వాతిసారి మామూలుకు దగ్గరగా వస్తుంది. చాలా పైకి పోయినదీ అంతే. గణాంకశాస్త్రంలో దీన్ని సగటు వైపు తిరిగి రావడం అంటారు. 19వ శతాబ్దిలో ఫ్రాన్సిస్ గాల్టన్ తల్లిదండ్రుల ఎత్తులనూ పిల్లల ఎత్తులనూ పోల్చుతూ దీన్ని వివరించాడు. బాగా పొడవైన తల్లిదండ్రుల పిల్లలు పొడవుగానే ఉంటారు, కానీ సగటున తల్లిదండ్రులంత కాదు.

జట్టు కోచ్‌ను ఎప్పుడు మారుస్తారు? వరసగా ఓడి అట్టడుగున ఉన్నప్పుడు. అంటే పాచికల్లో 3 పడినప్పుడు. ఆ తర్వాత ఎవరు వచ్చినా కొంత కోలుకోవడం సహజమే. కొత్త కోచ్ ఆ ఖ్యాతి కొట్టేస్తాడు, పాత కోచ్ నింద మోస్తాడు.

దీన్ని నిజమైన లెక్కలతో పరీక్షించినవారూ ఉన్నారు. ఆర్థికవేత్త బాస్ టెర్ వీల్ నెదర్లాండ్స్ ప్రథమశ్రేణి ఫుట్‌బాల్ లీగ్‌లో 1986 నుంచి 2004 వరకు జరిగిన కోచ్‌ల మార్పులను పరిశీలించాడు. వరస ఓటముల్లో ఉండి కోచ్‌ను మార్చిన జట్లను, అలాంటి స్థితిలోనే ఉండి మార్చని జట్లతో పోల్చాడు. మార్చిన జట్లు కోలుకున్నాయి. మార్చని జట్లు కూడా దాదాపు అలాగే కోలుకున్నాయి.

ఈ సంగతి తల్లిదండ్రులుగా మనకు ఇంకా దగ్గరగా తగిలే మరో చోటు ఉంది. 2002లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్ ఒకప్పుడు ఇజ్రాయెల్ వైమానిక దళంలో శిక్షకులకు పాఠం చెబుతూ, నేర్చుకునేవారికి తిట్టుకన్నా మెప్పు మేలు చేస్తుందన్నాడు. ఒక అనుభవజ్ఞుడైన శిక్షకుడు లేచి ఒప్పుకోలేదు. తాను మెచ్చుకున్నవాళ్లు తర్వాతిసారి చెడగొడతారనీ, తిట్టినవాళ్లు తర్వాతిసారి బాగా చేస్తారనీ వాదించాడు. అతను చూసింది నిజమే, కారణం మాత్రం తప్పు. బాగా చేసినప్పుడు మెచ్చుకున్నాడు, తర్వాతిసారి మామూలుగా చేశారు. ఘోరంగా చేసినప్పుడు తిట్టాడు, తర్వాతిసారి మామూలుగా చేశారు. అంతే.

మనలో ఎంతమంది “నాలుగు తగిలిస్తే గానీ వీడు దారికి రాడు” అన్న నమ్మకాన్ని ఇలాగే సంపాదించుకున్నామో ఒక్కసారి ఆలోచిద్దాం. మార్కులు తగ్గిన రోజున తిట్టాం, తర్వాతి పరీక్షలో పెరిగాయి. తిట్టు పనిచేసిందనుకున్నాం. పాచికలు కూడా అదే చెప్పాయి కదా!

మన హైదరాబాద్ మాస్టారు

ఈ పాఠానికి మాంచెస్టర్ దాకా వెళ్లనక్కరలేదు. భారత ఫుట్‌బాల్ చరిత్రలో అత్యంత విజయవంతమైన కోచ్ మన హైదరాబాద్‌వాడే. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా బడిపంతులు. అందరూ ‘రహీం సాబ్’ అనేవారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో ఆయన శిక్షణలోనే భారత్ స్వర్ణం సాధించింది.

మరుసటి ఏడాది 1952లో హెల్సింకి ఒలింపిక్స్. యుగొస్లావియా చేతిలో భారత్ 10-1 తేడాతో ఓడింది. మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. అక్కడి చలిలో, ఆ మైదానంలో, బూట్లు తొడిగిన బలమైన ప్రత్యర్థి ముందు నిలవలేకపోయారు. ఇవాళ అలాంటి స్కోరు వస్తే ఆ రాత్రికి రాత్రే ఫోన్లలో కోచ్ మీద ఎన్ని సందేశాలు తిరుగుతాయో ఊహించండి.

అప్పుడు జరిగిందేమిటంటే, తప్పు ఎక్కడుందో చూశారు. ఆ తర్వాత మన ఆటగాళ్లు బూట్లతో ఆడటం తప్పనిసరి అయింది. రహీం జట్టును కొత్తగా తీర్చిదిద్దే పనిలో పడ్డారు. నాలుగేళ్ల తర్వాత, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆతిథ్య జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది, నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ సాధించిన అత్యుత్తమ స్థానం ఇప్పటికీ అదే. ఆ జట్టులో సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం కూడా ఉన్నాడు.

1962 జకార్తా ఆసియా క్రీడలు ఇంకా మంచి పాఠం. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో భారత్ 2-0తో ఓడింది. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కు తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం అతన్ని పక్కన పెట్టలేదు, గోల్ కొట్టే ముందు వరసకు మార్చారు. అతను సెమీఫైనల్లోనూ, ఫైనల్లోనూ గోల్ కొట్టాడు. ఫైనల్లో ప్రత్యర్థి మళ్లీ దక్షిణ కొరియాయే. భారత్ 2-1తో గెలిచి స్వర్ణం సాధించింది. అప్పటికే రహీం క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. 1963 జూన్‌లో కన్నుమూశారు. మొదటి మ్యాచ్ స్కోరు చూసి తీర్పు చెప్పినవారెవరైనా ఉంటే, వారు ఆ జట్టు గురించి ఏమీ తెలుసుకోలేకపోయినట్టే.

రహీం కథలో అసలు కిటుకు ఇక్కడుంది. ఓడిన తర్వాత ఆయన పాత పద్ధతినే పట్టుకుని కూర్చోలేదు. మనిషి అతనే, పద్ధతి మారింది. మనం ‘మార్పు’ అనగానే మనిషి మార్పు అనే అనుకుంటాం. చాలాసార్లు మారవలసింది పని చేసే తీరు.

ఓపికే అన్నిటికీ మందు కాదు

ఇంతవరకు చదివాక కొందరికి ఒక అనుమానం రావచ్చు. “బడి పత్రిక కదా, టీచర్లను మార్చమని అడగొద్దని చెప్పడానికే ఈ కథలన్నీ!” అని. ఆ అనుమానం న్యాయమైనదే. అందుకే రెండో వైపు కూడా చూద్దాం.

ఫెర్గూసన్ కథ మనకు ఎందుకు తెలుసు? అతను చివరికి గెలిచాడు కాబట్టి. ఓపిక పట్టి, పట్టి, చివరికి ఏమీ దక్కని క్లబ్బులు కూడా ఉంటాయి. వాటి గురించి ఎవరూ పుస్తకాలు రాయరు. గెలిచినవారి కథలే మిగిలినప్పుడు ఓపిక ఎప్పుడూ ఫలిస్తుందన్న భ్రమ కలుగుతుంది.

మార్పు ఫలించిన సందర్భాలూ ఉన్నాయి. 2012 మార్చిలో చెల్సీ క్లబ్ తన కోచ్ ఆండ్రే విలాస్-బోయాస్‌ను సీజన్ మధ్యలో తొలగించి, సహాయకుడిగా ఉన్న రాబర్టో డి మాటియోకు జట్టును అప్పగించింది. రెండున్నర నెలల్లో అదే ఆటగాళ్లతో ఆ జట్టు మొట్టమొదటిసారి ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. అయితే కథ అక్కడితో ఆగలేదు. అదే ఏడాది నవంబర్‌లో డి మాటియోను కూడా తొలగించారు.

ఫెర్గూసన్ తర్వాత మాంచెస్టర్ యునైటెడ్ ఏం చేసిందో కూడా చూడాలి. 2013లో డేవిడ్ మోయెస్‌తో ఆరేళ్ల ఒప్పందం చేసుకుని, పది నెలలకే పంపేసింది. ఆ తర్వాత వాన్ గాల్, మౌరిన్యో, సోల్‌షేర్, టెన్ హాగ్ వచ్చారు, వెళ్లారు. 2024 అక్టోబర్‌లో టెన్ హాగ్‌ను తొలగించే నాటికి కొన్ని కప్పులు దక్కాయి గానీ, లీగ్ టైటిల్ ఒక్కటీ రాలేదు. వచ్చినవారిలో పేరున్న కోచ్‌లే ఎక్కువ. అంతమందితోనూ రాని ఫలితం మరొకరిని తెచ్చినంత మాత్రాన వస్తుందా? ఇన్నిసార్లు మార్చినా మారనిది ఏదో ఉంటే, వెతకవలసింది అక్కడే.

మన ఇంటికి నాలుగు ప్రశ్నలు

ట్యూషన్ మార్చాలన్నా, సెక్షన్ మార్చమని అడగాలన్నా, ఆటల కోచ్‌ను మార్చాలన్నా ముందు ఈ నాలుగు ప్రశ్నలు వేసుకుందాం.

1. ఎన్ని మ్యాచ్‌లు చూశాం? ఒక పరీక్ష ఫలితమా, మూడు నాలుగు పరీక్షల వరసా? మార్కులను తేదీలతో ఒక కాగితం మీద రాయండి. ఒకసారి పడితే గమనించండి. వరసగా పడుతుంటే మాట్లాడండి.

2. ఎదుటి జట్టు ఏది? పేపర్ అందరికీ కష్టంగా వచ్చిందా? ఆ వారం జ్వరం వచ్చిందా? పెళ్లికి ఊరెళ్లి నాలుగు రోజులు క్లాసులు పోయాయా? 61 మార్కుల వెనక నీల్ వెబ్ గాయం లాంటిది ఏదైనా ఉందా?

3. స్కోరుబోర్డు మీద కనబడని పని జరుగుతోందా? నోటు పుస్తకం తెరవండి. తప్పులను దిద్దుతున్నారా? దిద్దిన తప్పును మీ బిడ్డ మళ్లీ చేసి చూపుతున్నారా? పోయిన నెల రాని లెక్క ఈ నెల వస్తోందా? “ఇవాళ ఏం అర్థం కాలేదు?” అని అడిగితే ధైర్యంగా చెప్పగలుగుతున్నారా? ఈ జవాబులు బాగుంటే మార్కులు కొంచెం ఆలస్యంగానైనా వస్తాయి. ఇవేవీ జరగకుండా మార్కులు మాత్రం బాగా వస్తుంటే, అప్పుడు కూడా అడగవలసిందే.

4. మార్చితే సరిగ్గా ఏది మారుతుంది? “వేరే సార్ బాగా చెబుతాడట” అన్నది జవాబు కాదు. అబ్బాయికి ఏడో తరగతి భిన్నాలే రావు అన్నది అసలు సమస్య అయితే, తొమ్మిదో తరగతి సార్‌ను ఎంతమందిని మార్చినా ఆ భిన్నాలు రావు. వాటినే కూర్చుని నేర్పాలి.

ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు వెతికాక కూడా మార్చాలనే అనిపిస్తే, తప్పకుండా మార్చండి. అది కోపంతో తీసుకున్న నిర్ణయం కాదు. ముందుగా టీచర్‌తో కూర్చుని ఒక గడువు పెట్టుకోవడం మంచిది. “వచ్చే రెండు నెలల్లో ఈ మూడు అంశాలు గట్టిపడాలి, మేం ఇంట్లో ఏం చేయాలి, మీరు బడిలో ఏం చేస్తారు?” అని అడగండి. గడువు లేని ఓపిక ఓపిక అనిపించుకోదు, అది ఉదాసీనత.

ఒక్క విషయంలో మాత్రం ఏ లెక్కలూ, ఏ గడువులూ అక్కర్లేదు. బిడ్డ భయపడుతున్నా, కొట్టినా, నలుగురిలో అవమానించినా, ఇష్టమైన ఆటకో, సబ్జెక్టుకో పేరు చెబితేనే ముడుచుకుపోతున్నా, నాలుగో పరీక్ష కోసం ఆగవద్దు. ఆ రోజే మాట్లాడండి. అది ఎవరి దగ్గరైనా సరే, మా బడిలోనైనా సరే.

ఇంట్లో చేయండి

• మీ పిల్లల అభిమాన జట్టు ఆడిన గత పది మ్యాచ్‌ల ఫలితాలను ఒక పట్టికగా రాయించండి. ప్రతి ఫలితం పక్కన మూడు గడులు పెట్టండి: కోచ్ చేతిలో ఉన్నది, ఆటగాళ్ల చేతిలో ఉన్నది, ఎవరి చేతిలోనూ లేనిది. ఒక్కో గెలుపోటమికీ కారణాలను ఈ గడుల్లో నింపమనండి. ఓటములకే కాదు, గెలుపులకు కూడా. గెలిచినప్పుడు ఆటగాళ్లకు, ఓడినప్పుడు కోచ్‌కు రాస్తున్నారేమో గమనించండి.

• పైన చెప్పిన పాచికల ఆటను పదిసార్లు ఆడి, ప్రతిసారీ ‘తిట్లు తిన్నవారి’ రెండో అంకెను రాయించండి. పదిలో ఎన్నిసార్లు పెరిగిందో లెక్కించమనండి. సంభావ్యత పాఠం దానంతట అదే అర్థమవుతుంది.

• పిల్లలతో చర్చించండి: 1989 డిసెంబర్‌లో నువ్వు ఆ క్లబ్ యజమానివైతే ఏం చేసేవాడివి? ఏయే సమాచారం అడిగేవాడివి? తర్వాత జరిగింది తెలుసు కాబట్టి కాకుండా, ఆ రోజుకు తెలిసినదానితోనే జవాబు చెప్పు.

ఆఖరి ప్రశ్న కొంచెం కష్టమైనది. ఆ రోజు బ్యానర్ ఎత్తిన అభిమాని తెలివితక్కువవాడు కాదు. జట్టును ప్రేమించాడు కాబట్టే కోపం వచ్చింది. ప్రేమ లేనివాడు ఇంటికి వెళ్లి పడుకునేవాడు. మన పిల్లల మార్కులు చూసి మనకు వచ్చే కోపం కూడా ప్రేమ నుంచి వచ్చేదే. ఆ కోపాన్ని దాచుకోనక్కరలేదు. అయితే తీర్పు చెప్పే ముందు దాన్ని ఒక ప్రశ్నగా మార్చి చూద్దాం. “ఎవరిని మార్చాలి?” అనే బదులు “ఎక్కడ తేడా వచ్చింది?” అని అడుగుదాం.

వచ్చే ఆదివారం జట్టు ఓడి, మీ అబ్బాయి మళ్లీ “కోచ్‌ను తీసేయాలి” అంటే నవ్వి పంపేయకండి. పక్కన కూర్చుని, “ఎందుకలా అనిపించింది? ఎన్ని మ్యాచ్‌లు చూసి అంటున్నావు?” అని అడగండి. ఆ జవాబు వినడం అలవాటైతే, వచ్చే ప్రోగ్రెస్ కార్డు చేతికి వచ్చినప్పుడు మీరిద్దరూ అదే తీరుగా మాట్లాడుకోగలుగుతారు.